నోరు లేని జీవి

పోయిన శ్రావణంలో ఒక ఉదయం మా లడ్డు, మా ఇంట్లో పనిచేసే ఆమెను కరిచాడు. ఎడమ చెయ్యి, మణికట్టుకి కొంచెం పైన. రెండు పళ్ళు దిగాయి. సోఫా కింద ఊడవడానికి ఆమె చీపురు పెట్టింది. వాడు అక్కడే పడుకుని ఉన్నాడు. జరిగింది అంతే.

ఆ వెంటనే మా ముగ్గురి నోళ్ళలోంచి వచ్చిన మాటలు నాకు వరసగా గుర్తున్నాయి. అమ్మ: "అయ్యో, వాడెప్పుడూ ఇలా చెయ్యలేదే!" నాన్న: "చీపురుతో గానీ అదిలించావా?" నేను: "లడ్డూ, ఏమైందిరా?" ఆమె చెయ్యి పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చీర మీద రక్తం చుక్కలు పడుతున్నాయి. ఏమైందని మేం ముందు అడిగింది కుక్కని.

ఈ వ్యాసం ఆ ఒక్క నిమిషం గురించి. లడ్డు ఎనిమిదేళ్ళ లాబ్రడార్. వాడితో మా కాపురం ఎలాంటిదో కుక్కల్ని పెంచేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నంలో వెంట్రుకలు, తెల్లారి ఐదున్నరకి వాకింగు, దీపావళి వస్తే బాత్రూమ్‌లో వణుకుతూ కూర్చునే వాడికి తోడు, పెళ్ళిళ్ళకి ఇద్దరు వెళ్తే ఒకరు ఇంట్లో కాపలా. వాణ్ణి తెచ్చిన రోజున "అది ఇంట్లో ఉంటే నేనుండను" అన్న అమ్మే, గుడ్డు కూడా వండని మా ఇంట్లో బాల్కనీలో వేరే స్టవ్ పెట్టి వాడికి చికెన్ ఉడకబెడుతుంది. ఆ గిన్నె తోమేది మాత్రం అమ్మ కాదు. ఇప్పుడు వాడు కరిచింది ఆ గిన్నె తోమే చేతినే.

కుక్క కరిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. నిజానికి తెలిసింది సగమే. గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలు అలా నిలబడి చూడండి, ఎంతసేపో తెలుస్తుంది. మా చిన్నప్పుడు "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అని భయపెట్టేవారు. ఆ కాలం పోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో చేతికే చర్మంలో వేస్తున్నారు. మొదటి రోజు ఒకసారి, తర్వాత 3, 7, 28 రోజులకి. పళ్ళు దిగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వెయ్యాలి. 1885లో పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి టీకా ఇచ్చినప్పటి నుంచీ ఈ జబ్బుని ఆపే దారి మన చేతిలో ఉంది. లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఏ దారీ లేదు. లడ్డుకి ఏటా టీకా వేయిస్తున్నాం. అయినా డాక్టరు ఆమెకి మొత్తం కోర్సు వెయ్యాల్సిందే అన్నాడు, కుక్కని పది రోజులు కనిపెట్టి ఉండమన్నాడు.

ఆ పది రోజుల్లో కుక్కని కనిపెట్టుకుని ఉండడం ఏమో గానీ, మమ్మల్ని మేం కొంచెం చూసుకోవాల్సి వచ్చింది.

రెండో రోజు లడ్డుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చెవి పైకెత్తి చూసి, "ఎన్నాళ్ళుగా ఉంది ఇది?" అన్నాడు. లోపలంతా ఎర్రగా వాచి, చీము. వేలాడే చెవులున్న కుక్కలకి వానాకాలంలో మామూలేనట. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. చీపురు కట్ట తగిలింది ఆ చెవికే అయుండాలి. మూడు వారాలుగా వాడు తల విదిలిస్తుంటే మేం వీడియో తీశాం. దానికి పాట కూడా జోడించాం.

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె మాకు ముందే చెప్పింది. ఒకసారి కాదు, కనీసం మూడుసార్లు. "అమ్మా, వాడు నన్ను జూసి గుర్రుమంటున్నడు. నేనొచ్చేయాల్లకి జర కట్టేయుండ్రి." అమ్మ ప్రతిసారీ చెప్పిన జవాబు ఒకటే: "వాడేం చెయ్యడు. నువ్వు భయపడకు." కుక్క ఉన్న ఇంటికి వెళ్ళిన ప్రతివాళ్ళూ గుమ్మంలో ఈ మాట విన్నవాళ్ళే. ఇందులో ధైర్యం చెప్పడం లేదు. "మా అనుభవమే నిజం, నీ భయం నిజం కాదు" అని చెప్పడం ఉంది.

ఆమె చెప్పింది. కుక్క కూడా చెప్పింది. గుర్రుమనడం అంటే అదే కదా, "దగ్గరికి రాకు, నొప్పిగా ఉంది" అని. కానీ లడ్డు పిల్లగా ఉన్నప్పుడు గుర్రుమన్న ప్రతిసారీ మేం పేపరు చుట్టి నేల మీద కొట్టి "నో!" అని అరిచాం. మర్యాద నేర్పుతున్నాం అనుకున్నాం. కుక్కల శిక్షణ తెలిసినవాళ్ళు అలా చెయ్యొద్దంటారని తర్వాత తెలిసింది. గుర్రుమనడం మాన్పిస్తే కోపం పోదు, హెచ్చరిక పోతుంది. అప్పుడిక వాడికి మిగిలేది పళ్ళే.

మనం కుక్కల్నీ ఆవుల్నీ "నోరు లేని జీవాలు" అంటాం. ఆ మాట అనేటప్పుడు గొంతు దానంతటదే మెత్తబడుతుంది. నోరు లేకపోవడం ఒక అర్హత, దాన్ని చూసి జాలి పుడుతుంది. అదే పని చేసే ఆడమనిషి గురించి "దానికి నోరెక్కువ" అంటాం. జీతం పెంచమన్నా నోరే, పండక్కి సెలవడిగినా నోరే. కుక్కని కట్టెయ్యమన్నా ఇంచుమించు నోరే. కుక్కకి నోరు లేదు కాబట్టి దాని తరఫున మేమే మాట్లాడతాం, అదేమనుకుంటోందో మేమే నిర్ణయిస్తాం. "వాడికి నువ్వంటే ఇష్టం, అందుకే మొరుగుతున్నాడు" అని అనువాదం కూడా చేస్తాం. ప్రేమించడానికి ఇంతకంటే వీలైన జీవి ఎక్కడ దొరుకుతుంది? ఎదురు చెప్పదు. లెక్క అడగదు. మనల్ని మనకి మంచివాళ్ళుగా చూపిస్తుంది.

ఇంకొకటి కూడా ఈ పది రోజుల్లోనే వినబడింది. ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో రోజూ అనే మాటే. "లడ్డుగాడు తిన్నాడా? వాడు పడుకున్నాడా?" అని కుక్క గురించి. "అది ఇంకా రాలేదేంటి?" అని ఆమె గురించి. తెలుగులో కుక్క "అది", మనిషి "ఆమె" అని మా బడిలో చెప్పారు. మా ఇంటి వ్యాకరణం వేరు. ఎవరూ కావాలని తయారు చేసింది కాదు, అందుకే ఎవరికీ వినబడలేదు.

లిఫ్ట్ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. మూడేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ సంఘం ఒక నోటీసు పెట్టింది, పెంపుడు జంతువులు సర్వీస్ లిఫ్ట్‌లోనే వెళ్ళాలని. నాకు కోపం నషాళానికి అంటింది. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింట్ తీశాను. పెంపుడు కుక్కల్ని లిఫ్టుల్లోకి రానివ్వకుండా నివాసుల సంఘాలు నిషేధించకూడదని అందులో ఉంది. మూడు పేజీల ఉత్తరం రాశాను. రాజ్యాంగంలో 51ఎ(జి) అధికరణం, ప్రాణుల మీద దయ చూపడం పౌరుడి ప్రాథమిక విధి అన్నది కూడా ఎత్తి రాశాను. గెలిచాం. అప్పటి నుంచీ లడ్డు అద్దం ఉన్న మెయిన్ లిఫ్ట్‌లోనే దిగుతాడు. అదే నోటీసులో పై వాక్యం, "పనివారు, డెలివరీ వారు" అన్నది, అలాగే ఉంది. నేను దాన్ని చదివాను. చదివి, కింది వాక్యం మీద పోరాడాను.

కరిచిన రోజున చేతికి తువ్వాలు చుట్టుకుని బయల్దేరినప్పుడు ఆమె అలవాటుగా సర్వీస్ లిఫ్ట్ వైపు నడిచింది. "ఇటు రా" అన్నాను. లోపలికొచ్చి తలుపు పక్కనే నిలబడింది. ఆరు అంతస్తులు దిగేదాకా ఒక్కసారి కూడా అద్దం వైపు చూడలేదు. కింద వాచ్‌మన్ ముందు ఆమెను, తర్వాత నన్ను, తర్వాత తువ్వాలుని చూశాడు. ఏమీ అనలేదు.

ఇదంతా చెప్తే ఒక స్నేహితుడు, "అయితే కుక్కల్ని ప్రేమించకూడదా? ముందు మనుషుల్ని చూసుకుని తర్వాత జంతువుల సంగతి చూద్దామా?" అన్నాడు. నేననేది అది కాదు. దయ అనేది గిన్నెలో అన్నం కాదు, ఒకరికి వడ్డిస్తే ఇంకొకరికి తగ్గడానికి. పైగా "ముందు మనుషులు" అనేవాళ్ళలో చాలామంది మనుషుల్నీ చూసుకోరు. నా ప్రశ్న వేరు. కష్టం లేని చోట దయ చూపించి, ఆ దయతోనే నేను దయగలవాణ్ణని నమ్మేస్తే, కష్టమైన చోట చూపించాల్సిన దాని గురించి ఆలోచనే రాకుండా పోతుందా? నా విషయంలో పోయింది. ఎనిమిదేళ్ళు.

ఇలాంటప్పుడు మనవాళ్ళకి ధర్మరాజు గుర్తొస్తాడు. వెంట వచ్చిన కుక్కని వదిలేస్తే గానీ స్వర్గం లేదని ఇంద్రుడంటే, శరణన్న దాన్ని వదలనన్నాడు. మరి ద్రౌపదినీ తమ్ముళ్ళనీ దారిలో వదిలేశావు కదా అని ఇంద్రుడు అడిగాడు కూడా. వాళ్ళు చనిపోయాక వదిలాను, బతికుండగా కాదు అన్నది ధర్మరాజు జవాబు. తర్కానికి నిలుస్తుంది. కానీ ఈసారి నాకు అంతకు ముందు జరిగింది గుర్తొచ్చింది. ఒక్కొక్కరు పడిపోతున్నప్పుడు ఎందుకు పడ్డారని భీముడు అడుగుతాడు. ధర్మరాజు ప్రతి ఒక్కరికీ ఒక తప్పు చెప్తాడు. ఆమెకి అర్జునుడి మీద పక్షపాతం, వీడికి తెలివి మీద గర్వం, వాడికి అందం మీద. చెప్పి ముందుకు నడుస్తాడు. కుక్కలో మాత్రం ఏ తప్పూ వెతకలేదు. "చీపురుతో గానీ అదిలించావా?" అన్న నాన్న గొంతు నాకు అక్కడ వినిపించింది.

భారతం చివర్లో ఆ కుక్క ఉంటే, మొదట్లో ఇంకో కుక్క ఉంది. నన్నయ ఆదిపర్వంలో ప్రథమాశ్వాసంలోనే వస్తుంది సరమ కథ. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు వస్తే తమ్ముళ్ళు కొడతారు. తల్లి వచ్చి, నా బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు, ఎందుకు కొట్టారని అడుగుతుంది. ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఊహించని భయం మీకు కలుగుతుందని చెప్పి వెళ్ళిపోతుంది. ధర్మరాజు కథ మనకి సుఖంగా ఉంటుంది, అందులో మనం కుక్క యజమానులం. సరమ కథ అంత సుఖంగా ఉండదు, అందులో మనం జవాబు చెప్పాల్సినవాళ్ళం. మా ఇంట్లో జవాబు అడగాల్సిన పక్షంలో ఆమె ఉంది, ఒక రకంగా లడ్డు కూడా ఉన్నాడు. కుక్కకి తప్పొప్పులు లేవు. గొలుసు ఎవరి చేతిలో ఉంటే బాధ్యత వాళ్ళది. చట్టం చెప్పేదీ అదే. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి హాని జరక్కుండా జాగ్రత్త తీసుకోకపోతే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద యజమానికి శిక్ష ఉంది.

నాలుగో రోజు ఆమె వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, నాలుగిళ్ళు పట్టుకుంది. ఇంజెక్షన్ కోసం ఒక పూట పోతే మిగతా మూడిళ్ళలో మాట పడాలి. ఆసుపత్రికి వెళ్ళే పూటలకి ఆటో డబ్బులిచ్చాం. మూడిళ్ళకీ నేనే ఫోన్ చేసి సంగతి చెప్పాను. అందులో గొప్పేమీ లేదు, మొదటి రోజే చెయ్యాల్సిన పని నాలుగో రోజున చేశాను. ఆమె గుమ్మం బయటే నిలబడి ఒక మాట అంది: "వాన్ని గదిల ఏసి తలుపు ఏస్తేనే లోపలికొస్తా. లేకుంటే వేరేవాల్లను జూస్కోండ్రి."

నాన్నకి నచ్చలేదు. "వాడింట్లో వాణ్ణి బంధించడమేంటి?" అన్నాడు. రోజుకి గంటసేపు ఆమె పనిచేసే చోటు కూడా ఇదే కదా అని నేనన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మ లేచి లడ్డుని గదిలోకి తీసుకెళ్ళింది.

ఇప్పుడు రోజూ ఎనిమిది నుంచి తొమ్మిది దాకా వాడు గదిలో ఉంటాడు. మొదటి వారం తలుపు గీకి గోల చేశాడు. ఇప్పుడు ఆమె బెల్లు కొడితే తనే వెళ్ళి పడుకుంటున్నాడు. చెవి తగ్గింది. ఆమె మాత్రం ఆ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు కొంచెం దూరంగానే నడుస్తుంది. లిఫ్ట్ గురించి సంఘానికి మళ్ళీ ఉత్తరం రాశాను. ఈసారి ఒకటే పేజీ, ఎత్తి చూపడానికి మార్గదర్శకాలేవీ చేతిలో లేవు. వచ్చే మీటింగులో చూద్దామన్నారు. రెండు మీటింగులు అయ్యాయి.

ఇంకొక చిన్న విషయం. లడ్డు నీళ్ళ గిన్నె మా వంటింట్లో ఉంటుంది. ఆమె టీ గ్లాసు బాల్కనీ కిటికీ మీద ఉంటుంది. ఏడో రోజున చూశాను దాన్ని, అంటే ఎనిమిదేళ్ళ తర్వాత. తీసి మా గ్లాసుల పక్కన పెట్టాను. మర్నాటికి మళ్ళీ కిటికీ మీదే ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు. అమ్మే కావచ్చు, ఆమే కావచ్చు. మళ్ళీ లోపల పెట్టాను. దాని గురించి ఇంట్లో ఇంకా ఎవరం నోరు విప్పలేదు.