తెగులు దినములలో పనివాని జాగ్రత్త

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:8



2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా తెగులువలన దేశమంతట పనులు నిలిచిపోయినప్పుడు మన కూలిజనులు దినములెట్లు గడిపిరో మనకు తెలియును. ఏప్రిల్ 20వ తేదీ నుండి ఉపాధి హామీ పనులకు మరల అనుమతి దొరికెను. ఆ యేడు మన తెలుగు రాష్ట్రములు రెంటిలోను దినకూలి 237 రూపాయలు. ముక్కుకు మూతికి గుడ్డ కట్టుకొనవలెను, ఎడముగా నిలిచి త్రవ్వవలెను అనునవి షరతులు. చెరువు పూడిక తీయుచోట మనము చూచినదేమి? ఫీల్డు అసిస్టెంటు వచ్చుచున్నాడనగా తువ్వాలు మూతిమీదికి ఎక్కును; అతడు గట్టు దాటగానే మెడమీదికి దిగును. (ఎండలో గునపము పట్టినవానికి మూతిగుడ్డ యెంత బాధయో వానికే తెలియును. నీడను కూర్చుండి వ్రాయుట సులువే.)

పనివాడు తన్నుతాను కాపాడుకొనునట్లు అతని హృదయమును ఏది ప్రేరేపించును?

భయము అందురు. భయము బలమైనదే గాని దానికి ఆయుష్షు తక్కువ. పొరుగూరిలో చావు జరిగిన వారము అందరును చేతులు కడుగుకొనిరి; నెల గడచుసరికి సబ్బుబిళ్ల యెండిపోయెను. జరిమానాయో, అధికారి కన్ను పడునంత మేరకే. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో పౌలు వలదనిన కంటికి కనబడు సేవ యిదియే.

మరియొక తలంపు మన సంఘములలోనే యున్నది గనుక దానిని గూర్చి నిదానముగా మాటలాడవలెను. దేవుడు కాపాడుచుండగా ఈ గుడ్డ యెందుకు, ఇది అవిశ్వాసము కాదా అని కొందరనిరి. ఆ దినములలో 91వ కీర్తన చదువని విశ్వాసి గృహము అరుదు. చదువుట మంచిదే. అయితే మత్తయి 4వ అధ్యాయము చూడుడి. దేవాలయ శిఖరము నుండి దుముకుమని సాతాను ప్రభువుతో చెప్పినప్పుడు ఎత్తి చూపినది ఆ కీర్తనలోని వాగ్దానమునే. ప్రభువు ఆ వాగ్దానము అబద్ధమనలేదు, దుమకనులేదు. నెహెమ్యా కాలపు పనివారు ప్రార్థనయు చేసిరి, ఒకచేత పనియు ఒకచేత ఆయుధమును పట్టిరి. 1527లో విట్టెన్‌బెర్గు పట్టణమునకు తెగులు వచ్చినప్పుడు మార్టిన్ లూథరు రోగులను విడిచి పారిపోలేదు. అయినను తాను మందు పుచ్చుకొందుననియు, ఇంటికి ధూపము వేయుదుననియు, తన అజాగ్రత్తవలన ఇతరులకు చావు రాకుండునట్లు పనిలేని చోటికి పోననియు, పొరుగువానికి తన అవసరము కలిగినచో మాత్రము వెనుదీయననియు ఒక లేఖలో వ్రాసెను.

ఇతరులకు అను ఆ మాటలోనే గుట్టున్నది. కరోనా జ్వరమైనను దగ్గైనను కనబడక మునుపే ఒకని నోటి తుంపరలనుండి మరియొకనికి అంటగలదు. ఆరోగ్యముగా నున్నాననుకొనువాడే ఇంటనున్న ముసలితల్లికి దానిని తీసికొనిపోవును. తన ప్రాణము లెక్కచేయని మొండివాడు సహితము తల్లి పేరెత్తగానే తువ్వాలు సవరించుకొనుట మనము చూచితిమి. అధికారి వెళ్లిపోయిన తరువాతను నిలిచిన జాగ్రత్త యిదొక్కటే.

అయితే భారమంతయు పనివానిమీద వేసి, మనము పిలాతువలె చేతులు కడుగుకొనుట న్యాయమా? క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనియెడల దానిమీదనుండి పడినవాని రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు ధర్మశాస్త్రము చెప్పుచున్నది. మిద్దె యెక్కువారితో జాగ్రత్తగా నడువుడనిన చాలునని మోషే అనలేదు. మురుగుకాలువ తీయువారికి చేతి తొడుగులు, రైసుమిల్లులో నీళ్లు, సబ్బు, ఇవి యజమాని కట్టవలసిన పిట్టగోడ. వీటన్నిటికంటె పెద్దది జ్వరము వచ్చిన దినపు కూలి. పని మానిన పొయ్యి వెలగదని యెరిగినవాడు జ్వరమును దాచుకొని వరుసలో నిలుచును. వానికి ప్రేమ తక్కువై కాదు. పిల్లల ఆకలి వానిని తరుముచున్నది. అట్టివానిని అజాగ్రత్తపరుడని నిందించుట మాకు సమ్మతము కాదు. ఆకలిగొనినవానికి ఏమియు ఇయ్యక వట్టి దీవెన పలికి పంపువారిని గూర్చి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో వ్రాసెను గదా.

మన గృహములలో స్త్రీలు పూటపూటకు తీసియుంచు పిడికెడు బియ్యము ఆదివారమున గుడికి వచ్చుచున్నది. ఊరిలో అంటుజ్వరము పొడచూపినప్పుడు, పని మానుకొని యింటనుండు కూలివాని కుటుంబమునకు అందులోనుండి కొలిచి పంపవచ్చునా? నలుగురున్న యింటికి వారము దినములకు ఎంత కావలెనో మన తల్లులకు తెలియును. సంఘపెద్దలు రాబోవు కూటములో ఈ సంగతి యెత్తవలెనని కోరుచున్నాము.