పాతబస్తీ ఇంటి మరమ్మతు: యాజమాన్యం మీద ఒక ధర్మవిచారణ

హైదరాబాదు పాతబస్తీలో ఇంటి యజమానికీ కిరాయిదారుకూ మధ్య మరమ్మతుల మీద నడిచే తగాదా పైకి డబ్బు తగాదాగానే కనిపిస్తుంది. కారుతున్న కప్పును ఎవరు బాగుచేయించాలి, చెమ్మ పట్టి ఉబ్బిన గోడకు ఎవరు గిలాబు చేయించాలి, పూడిపోయిన మోరీని ఎవరు తీయించాలి అన్నవి ఖర్చుకు సంబంధించిన ప్రశ్నలే. అయితే ఆ ప్రశ్నలకు ఇరుపక్షాలూ చెప్పే జవాబులలో మరొక విచారణ కూడా దాగి ఉంటుంది: ఒక వస్తువు ఒకరి సొంతం కావడం అంటే ఏమిటి, దాన్ని అనుభవించే హక్కు మరొకరికి వెళ్ళినప్పుడు ఏ భారం దానితోపాటు వెళుతుంది, ఏ భారం యజమాని దగ్గరే నిలుస్తుంది? ఇస్లామీ ధర్మశాస్త్రమైన ఫిఖ్, అందులోనూ ఈ నగరపు ముస్లింలలో అత్యధికులు అనుసరించే హనఫీ సంప్రదాయం, ఈ విచారణను శతాబ్దాల కిందటే ఎంతో సూక్ష్మంగా జరిపింది. 1870 దశకంలో పాతబస్తీలోనే వెలసిన జామియా నిజామియా వంటి విద్యాపీఠం ఆ సంప్రదాయపు గ్రంథాలను నేటికీ బోధిస్తున్నందువల్ల, ఇక్కడి ఇళ్ళ సంగతిని ఆ శాస్త్రం వెలుగులో చూడడం బయటి కొలమానాన్ని తెచ్చి రుద్దడం కాదు.

ప్రశ్న ఇక్కడ ఇంత బిగుసుకోవడానికి కారణం ఈ ప్రాంతపు నిర్మాణంలోనూ చరిత్రలోనూ ఉంది. 1591లో చార్మినారు చుట్టూ ఏర్పడిన నగరం మూసీకి దక్షిణాన పెరిగింది. 1908 సెప్టెంబరు వరదల తరువాత, 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి సంస్థ పత్తర్‌గట్టీ వంటి రాతి కమానుల బజారును తీర్చిదిద్దింది. ఆ వీధుల వెనుక గల్లీలలో మిగిలిన పాత ఇళ్ళు సున్నంతో, టేకు దూలాలతో కట్టినవి కాబట్టి వాటికి అప్పుడప్పుడూ కాక ఎడతెగకుండా సంరక్షణ కావాలి. సున్నపు గోడ మీద చవకగా సిమెంటు పూత వేయిస్తే తేమ బయటికి పోయే దారి లేక గోడ లోపలి నుంచే చెడుతుంది కాబట్టి, అరకొర మరమ్మతు కొన్నిసార్లు అసలు చేయకపోవడం కన్నా ఎక్కువ హాని చేస్తుంది. దీనికి తోడు పాత అద్దెలు చాలా చోట్ల పెరగలేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, అంటే యజమాని ఇష్టానుసారం కిరాయి పెంచకుండా, కారణం చూపకుండా ఖాళీ చేయించకుండా ఆపే చట్టం, 2005 సవరణ తరువాత నగరంలో నెలకు 3,500 రూపాయల లోపు కిరాయి ఉన్న కట్టడాలకు వర్తించేలా మారింది. ఏళ్ళ కిందట మల్గీలో, అంటే వీధి వైపు దుకాణపు గదిలో, దిగిన వ్యాపారి పగిడీ పేరుతో పెద్ద మొత్తం ముందే చెల్లించి ఉంటాడు. అది తిరిగి వచ్చే అడ్వాన్సు కాదు, ఆ చోట కొనసాగే హక్కుకు వెల. అందువల్ల యజమాని తన దృష్టిలో నామమాత్రపు కిరాయికి ఇంటిని వదులుకున్నవాడు, కిరాయిదారు తన దృష్టిలో సగం కొనుక్కున్నవాడు. మరమ్మతు వచ్చేసరికి ఎవరికి వారు ఆ ఇల్లు ఎదుటివారిదే అంటారు.

హనఫీ శాస్త్రం ఈ చిక్కును విడదీయడానికి ఇజారా అనే ఒప్పందం నుంచి మొదలుపెడుతుంది. ఇజారా అంటే వస్తువును కాక దాని ప్రయోజనాన్ని, అనగా మన్‌ఫఅత్‌ను, వెలకు ఇవ్వడం. గోడలూ కప్పూ యజమానివే. కిరాయిదారు కొనుక్కునేది వాటి కింద నివసించగల వీలును. ఆ వీలు ఒక్కసారిగా పుట్టి నిలిచి ఉండే పదార్థం కాదు, కాలంతోపాటు ఘడియ ఘడియకూ కొత్తగా పుట్టుకొస్తుంది కాబట్టి, కిరాయి ఒప్పందం కూడా ఆ ప్రయోజనం పుడుతున్న కొద్దీ పునరుద్ధరింపబడుతూ ఉంటుందని హనఫీ పండితులు వాదించారు. దీని పర్యవసానం గంభీరమైనది. కప్పు కూలి ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోయిన రోజున కిరాయికి ఆధారమైన ప్రయోజనమే పుట్టడం లేదు కనుక ఆ మేరకు కిరాయి కూడా పుట్టదు. కిరాయి పుచ్చుకునే ప్రతి నెలా యజమాని ఆ ఇంటిని నివసించదగ్గ స్థితిలో మళ్ళీ అప్పగిస్తున్నట్టే లెక్క. లాభం ఎవరిదో ఆ వస్తువు నష్టభారం కూడా వారిదేనన్న ప్రవక్త బోధ నుంచి వచ్చిన సూత్రం ఈ వాదాన్ని మరింత బిగిస్తుంది.

ఉస్మానీ సామ్రాజ్యం 1869 – 1876 మధ్య హనఫీ మతానుసారం క్రోడీకరించిన మజల్లా అనే న్యాయసంహిత ఈ సూత్రాన్ని వ్యవహారంలోకి దించింది. ఉద్దేశించిన ప్రయోజనానికి అడ్డు వచ్చే లోపాలను సరిచేయడం, ఇంటి కట్టడాన్నీ నీటి దారులనూ బాగుచేయడం, యజమాని పని అని అది నిర్ణయించింది. అయితే ఆ వెంటనే అది మరో మాట కూడా చేర్చింది: యజమాని నిరాకరిస్తే అతణ్ణి బలవంతపెట్టడానికి వీలులేదు, కిరాయిదారు ఒప్పందాన్ని రద్దు చేసుకుని వెళ్ళిపోవచ్చు, ఇంట్లో దిగేనాటికే ఆ లోపం ఉండి, అతడు దాన్ని చూసే దిగి ఉంటే ఆ హక్కు కూడా లేదు. తన సొత్తును బాగుచేసుకొమ్మని ఎవరినీ నిర్బంధించరాదన్న హనఫీ నియమమే దీనికి మూలం. ఇది యాజమాన్యాన్ని స్వేచ్ఛగా భావించే చింతన; పాడుపెట్టుకునే స్వేచ్ఛ కూడా అందులో ఇమిడి ఉంది.

ఈ నియమం వెళ్ళిపోగల కిరాయిదారును ఊహించుకుని రూపొందిందని గుర్తించాలి. వెళ్ళడానికి మరో ఇల్లు ఉన్నప్పుడు, వెళ్ళినా బతుకుతెరువు చెడనప్పుడు మాత్రమే వెళ్ళిపోయే హక్కు నిజమైన రక్ష అవుతుంది. లాడ్‌బజారుకు లక్క గాజులు చేసి ఇచ్చే పనివారికి బజారుకు నడిచి వెళ్ళగల దూరంలో ఉండడం పనిలో భాగమే. పిల్లల మదరసా, అప్పు పెట్టే కిరాణా కొట్టు, ఆపదలో ఆదుకునే బంధువులు అన్నీ ఒకే మొహల్లాలో ఉన్న కుటుంబం నగరపు అంచున ఎక్కడో గది దొరుకుతుందని కదలలేదు. అటువంటి వారికి కావాలంటే ఖాళీ చేయండి అని చెప్పడం శాస్త్రంలో హక్కు, ఆచరణలో బెదిరింపు. ఇతరులకు హాని చేయరాదు, హానికి హాని బదులు ఇవ్వరాదు అన్న మరో మూలసూత్రాన్ని ఫిఖ్ తన అన్ని విభాగాల మీదా పాలకసూత్రంగా నిలిపింది కాబట్టి, నిర్బంధం లేదన్న నియమాన్ని దాని అదుపులోనే చదవడం న్యాయం. పక్కవాడి మీదికి ఒరుగుతున్న గోడ విషయంలో హనఫీ పండితులే ఆ పని చేశారు: హెచ్చరించిన తరువాత కూడా యజమాని గోడను తొలగించక అది కూలితే కలిగిన నష్టానికి అతడే బాధ్యుడన్నారు. వీధిలో పోయేవాడికి దొరికిన ఆ రక్షణ ఆ గోడ లోపల కిరాయి చెల్లించి నిద్రించేవాడికి దొరకకూడదనడానికి నైతిక కారణం కనిపించదు.

వక్ఫు ఆస్తుల దగ్గరికి వచ్చేసరికి ఇదే శాస్త్రం స్వరం పూర్తిగా మారిపోతుంది. వక్ఫు అంటే దాత తన ఆస్తి మీది యాజమాన్యాన్ని శాశ్వతంగా వదులుకుని, దాని ఫలాన్ని దైవప్రీతి కోసం ఏదో ఒక సత్కార్యానికి అంకితం చేయడం. దాన్ని నిర్వహించే వ్యక్తి ముతవల్లీ. పాతబస్తీలో మసీదులకూ దర్గాలకూ అషూర్‌ఖానాలకూ చెందిన మల్గీలు, ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మదీనా బిల్డింగ్‌గా అందరూ ఎరిగిన కట్టడపు అద్దెలు సైతం మదీనా నగరపు పేదల కోసం ఉద్దేశించినవి. 12వ శతాబ్దపు మర్గీనానీ రచన హిదాయా, హనఫీ బోధనలో ప్రధాన గ్రంథం, వక్ఫు ఆదాయంలో మొదటి వాటా మరమ్మతుదేనని చెబుతుంది. దాత ఆ షరతు రాసినా రాయకపోయినా అది వర్తిస్తుంది. దాత కోరినది శాశ్వతమైన ఫలాన్ని, కట్టడం నిలవనిదే ఫలం శాశ్వతం కాదు కాబట్టి పేదలకు అన్నం కన్నా ముందు కప్పుకు ఖర్చు పెట్టాలి. నివసించే హక్కు ఒకరికి వక్ఫు చేసిన ఇంట్లో ఆ వ్యక్తి మరమ్మతు చేయించనంటే, లేదా చేయించలేకపోతే, ఖాజీ, అంటే న్యాయాధికారి, ఆ ఇంటిని కిరాయికి ఇచ్చి, ఆ డబ్బుతో బాగుచేయించి, తరువాత తిరిగి అతనికే అప్పగించాలని కూడా ఆ గ్రంథం విధించింది. కిరాయి మీద యజమాని కన్నా, లబ్ధిదారు కన్నా, ముతవల్లీ కన్నా ముందు ఆ ఇంటికే హక్కు ఉందన్న ఈ భావన ఫిఖ్ ఈ విషయంలో అందించిన అత్యున్నతమైన ఆలోచన. విధిని నిర్లక్ష్యం చేసే ముతవల్లీని తొలగించే అధికారాన్ని 1995 నాటి వక్ఫు చట్టం వక్ఫు బోర్డుకు ఇచ్చింది. సొంతదారుకు పాడుపెట్టే స్వేచ్ఛ ఉంటే ఉండవచ్చు గాని, అప్పగింతదారుకు అది లేదు.

నిజానికి విశ్వాసి దృష్టిలో సొంతదారు కూడా అప్పగింతదారే. భూమ్యాకాశాలలో ఉన్నదంతా దైవానిదనీ, మనిషి చేతిలో ఉన్నది అమానతు, అంటే తిరిగి అప్పజెప్పవలసిన నిక్షేపమనీ ఇస్లాం చెబుతుంది. కిరాయిదారును సైతం ఫిఖ్ అమీన్‌గా, అనగా నిక్షేపాన్ని కాపాడే నమ్మకస్థుడిగా పరిగణించింది: వాడకంలో సహజంగా కలిగే అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు, నిర్లక్ష్యానికీ దుర్వినియోగానికీ మాత్రం బాధ్యుడు. గోడలో నెర్రె మొదట కనిపించేది లోపల ఉండే మనిషికే కాబట్టి, ఆ సంగతిని యజమానికి చేరవేయడం అతని అమానతులో భాగం అవుతుంది. దాన్ని గొంతెమ్మ కోరికగా, కొత్త పేచీగా యజమాని స్వీకరించినప్పుడు, తన తరఫున తన ఇంటిని కాస్తున్న వ్యక్తినే అతడు మందలిస్తున్నాడు. వానాకాలానికి ముందు శిథిల కట్టడాలను గుర్తించి నోటీసులు ఇచ్చే నగరపాలక సంస్థకు 1955 నాటి చట్టం ఇచ్చిన అధికారం ప్రాణరక్షణ కోసమే అయినా, ఆ నోటీసు ఖాళీ చేయించడానికి సాకు అవుతుందన్న భయంతో కిరాయిదారు నెర్రెను దాచిపెడితే ఆ అమానతు అక్కడే చెడుతుంది. అందులో దోషం దాచినవాడి ఒక్కడిదే కాదు.

హిందూ ధర్మశాస్త్రాలలో ఈ విషయం ఇంత విస్తారంగా లేదు. పరుల నేల మీద కిరాయి చెల్లిస్తూ ఇల్లు కట్టుకున్నవాడు విడిచి వెళ్ళేటప్పుడు తాను పెట్టిన కప్పు గడ్డి, కలప, ఇటుకలు తీసుకుపోవచ్చునని నారదస్మృతి చెబుతుంది. కిరాయి చెల్లించిన వాణ్ణి అకారణంగా వెళ్ళగొడితే కౌటిల్యుడు 12 పణాల దండన విధించాడు. శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టే జీర్ణోద్ధరణ కొత్త నిర్మాణం కన్నా మిన్న అయిన పుణ్యమన్న భావం గుడులకూ చెరువులకూ చెప్పినదే గాని, కిరాయి ఇంటికి వర్తింపజేసినట్టు కనిపించదు. చెరువుకు గండి పడితే ఊరంతా కదిలిన సంప్రదాయం మరొకరి తల మీది కప్పును పుణ్యకార్యాల లెక్కలోకి తీసుకోకపోవడం ఆలోచించవలసిన లోటు.

మరమ్మతును కిరాయిదారే చేయించుకున్నప్పుడు ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గర ఫిఖ్‌కూ ఆధునిక చట్టానికీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. యజమాని అనుమతి లేకుండా చేయించిన పనిని మజల్లా తబర్రు, అంటే స్వచ్ఛంద దానంగా చూస్తుంది, తిరిగి అడిగే హక్కు ఉండదు. అనుమతితో, ఇంటిని కాపాడడానికి చేయించిన పనికి మాత్రం ముందుగా షరతు లేకపోయినా ఖర్చు రాబట్టుకోవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ మరో దారి పట్టింది: తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు అందిన తరువాత తగిన వ్యవధిలో యజమాని చేయించకపోతే, కిరాయిదారు చేయించి ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చు. మొదటిది సమ్మతికి విలువ ఇస్తుంది, రెండవది మౌనాన్ని తప్పుగా లెక్కిస్తుంది. వారసత్వంలో ఇల్లు పది భాగాలై, ఆ వారసులు కొందరు జిద్దాలోనూ కొందరు చికాగోలోనూ ఉన్న చోట ఎవరి సమ్మతి ఎప్పటికి వస్తుందో తెలియనందువల్ల, ఈ ఒక్క విషయంలో చట్టమే న్యాయానికి దగ్గరగా ఉంది. పంపకం కాని ఉమ్మడి ఆస్తిలో భాగస్థుడు అందుబాటులో లేనప్పుడు అతని అనుమతి స్థానంలో ఖాజీ అనుమతి చాలునని ఫిఖ్ కూడా అంగీకరించింది గనుక ఈ రెండు దారులూ కలవడం అసాధ్యం కాదు.

కలిసిన ఉదాహరణ చరిత్రలో ఉంది. ఉస్మానీ కాలపు డమాస్కస్‌లో వక్ఫు దగ్గర డబ్బు లేక దుకాణం పాడవుతుంటే, అనుమతి పొందిన కిరాయిదారు సొంత ఖర్చుతో బాగుచేయించి, ఆ మొత్తాన్ని వక్ఫు తనకు పడిన బాకీగా రాయించుకుని కిరాయిలో కొంత కొంత చెల్లు వేసుకునేవాడు. దీన్ని మర్సద్ అన్నారు. 19వ శతాబ్దపు ఆరంభంలో అదే నగరంలో జీవించిన హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ దీన్నీ, పాతబస్తీ పగిడీకి దగ్గరి పోలిక ఉన్న ఖులువ్ అనే కొనసాగింపు హక్కునూ విస్తారంగా చర్చించాడు. అయితే వక్ఫు ఆస్తిని ఉజ్రతె మిస్ల్ కన్నా, అంటే అటువంటి చోటికి బజారులో పలికే న్యాయమైన కిరాయి కన్నా, బాగా తక్కువకు ఇవ్వరాదన్న నియమాన్ని ఆ పండితులు మరమ్మతు నియమంతో సమానంగా పట్టుబట్టి నిలిపారు. నెలకు 500 రూపాయల కిరాయి ఉన్న మల్గీకి 2 లక్షల రూపాయల పని చేయించి మొత్తం కిరాయినీ చెల్లు వేసుకున్నా ఆ బాకీ తీరడానికి 400 నెలలు, అంటే 33 ఏళ్ళకు పైగా పడుతుంది. ఈలోగా ఆ వక్ఫు మీద ఆధారపడిన అనాథకూ వితంతువుకూ ఒక్క రూపాయి అందదు, కప్పు మళ్ళీ కారడం మొదలవుతుంది. కిరాయి న్యాయంగా పెరగడానికి ఒప్పుకోని కిరాయిదారు, పెరిగిన కిరాయిలో మొదటి వాటాను కట్టడానికి కేటాయించని ముతవల్లీ, ఇద్దరూ ఒకే హక్కుదారుకు బాకీపడి ఉన్నారు, ఆ బాకీని రాసి ఉంచే లెక్కల పుస్తకం మాత్రం ఇద్దరి దగ్గరా ఉండడం లేదు.