విద్యార్థి బిడ్డయెడ తల్లిదండ్రుల ధర్మము

బిడ్డకు అక్షరాభ్యాసము చేయించుటకు మన ప్రాంతపు తల్లిదండ్రులు బాసర పోవుదురు. గోదావరిలో స్నానమాచరించి, జ్ఞానసరస్వతీ అమ్మవారి సన్నిధిని బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ చిన్ని వ్రేళ్లను తమ చేతితో పట్టి పలకపై అక్షరములు దిద్దింతురు. ఆనాడు బిడ్డ చేయి తల్లిదండ్రుల చేతిలో నుండును. పది పండ్రెండేండ్లు గడచిన పిమ్మట అదే తల్లిదండ్రులు ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, రెండు పచ్చడి సీసాలు మోసికొనిపోయి బిడ్డను కళాశాల వసతిగృహమున దించి వత్తురు. ఆనాడు ఆ చేయి విడువవలెను. పట్టుట యెట్టి సంస్కారమో విడుచుటయు అట్టి సంస్కారమే. మొదటిదానికి ముహూర్తము, మంత్రము, పురోహితుడు కలరు. రెండవదానికి అవియేవియు లేవు. కావున దాని ధర్మమెట్టిదో మన పురాణేతిహాసములనుండి మనమే వెదకికొనవలసియున్నది.

శ్రీమద్రామాయణ బాలకాండమున ఈ ఘట్టము తొలుతనే వచ్చును. విశ్వామిత్ర మహర్షి యాగరక్షణకై శ్రీరాముని తన వెంట పంపుమని కోరగా దశరథ మహారాజు తల్లడిల్లెను. తన రామునికి ఇంకను పదునారేండ్లు నిండలేదని మొరపెట్టుకొనెను. బిడ్డకు మారుగా సేనను వెంటబెట్టుకొని తానే వత్తుననెను. నేటి లెక్కలో అది ఇంటర్మీడియట్ చదువు వయస్సే గదా! వసిష్ఠ మహర్షి నచ్చజెప్పిన పిమ్మటగాని ఆ తండ్రి మనస్సు కుదుటపడలేదు. రాముడు వెళ్లెను. దారిలో బల, అతిబల అను విద్యలను పొందెను. దివ్యాస్త్రములను గ్రహించెను. తుదకు మిథిలలో శివధనుస్సు నెక్కుపెట్టెను. దశరథుని వాత్సల్యమును తప్పుపట్టరాదు. కాని తండ్రియే సేనతో కదలియున్నచో, యాగము రక్షింపబడియుండునేమో గాని, రాముడా విద్యలను పొందియుండెడివాడు కాడు.

నేటి తల్లిదండ్రులలో అనేకులు ఆ దశరథుని మాటనే మరియొక విధమున పలుకుచున్నారు. బిడ్డ చదువవలసిన గ్రూపును తామే నిర్ణయింతురు. దరఖాస్తు తామే నింపుదురు. స్నేహితులెవరో, భోజనమేమో, నిద్ర యెప్పుడో దినమునకు నాలుగు మారులు ఫోనులో విచారింతురు. ఇది ప్రేమయే. అయినను బిడ్డకు మారుగా మనము పోరాడుట సాధ్యము కాదు, సాధ్యమైనను హితము కాదు. పంపదలచిన పిమ్మట మనస్సును కూడ పంపకము చేసికొనవలెను. సగము పంపుటయు సగము పట్టియుంచుటయు బిడ్డకు భారమగును.

ఆసిఫాబాదు వారికి చదువనగా మొదటినుండియు దూరప్రయాణమే. 1941 వరకు జిల్లా కేంద్రముగా వెలసిన ఊరైనను, పై చదువులకు మాత్రము ఇచ్చటి బాలురు రైలెక్కి దూరమే పోవలసియుండెను. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా వెలసెను. ఇంటిలో తెలుగో గోండియో మాట్లాడు బాలుడు పరభాషలో పరీక్ష వ్రాయవలసి వచ్చెను. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో గాని యేర్పడలేదు. 2008లో బాసరలో రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయము నెలకొని, పదవ తరగతి ముగించిన పల్లెటూరి బాలబాలికలను చేర్చుకొని ఆరేండ్లపాటు చదివించుచున్నది. అక్షరము దిద్దిన ఊరిలోనే ఇంజనీరగు భాగ్యము కొందరు బిడ్డలకు దానివలన లభించినది.

తాము చదువుకొననివారము, బిడ్డకేమి తోడ్పడగలమని పలువురు తల్లిదండ్రులు చింతింతురు. అట్టివారు మన అడవిలోని మార్లవాయిని తలచుకొనవలెను. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము నేలకొరిగిన పిమ్మట, హైమండార్ఫు అను పరిశోధకుడు ఈ ప్రాంతమునకు వచ్చి గోండుల నడుమ నివసించెను. ఆయన కృషివలన 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణాకేంద్రము ఆరంభమయ్యెను. ఆ యువకుల తల్లిదండ్రులలో అక్షరము నెరిగినవారెందరు? అయినను పొలము పనికి అక్కరకు వచ్చు కొడుకును విడిచి పంపిరి. ఆ బిడ్డలే తమ జాతికి గురువులైరి. తోడ్పడుటకు పాఠము తెలిసియుండవలెనను నియమము లేదు. నమ్మి పంపు గుండె చాలును.

ఇక ద్రవ్యమును గూర్చి. ఈ విషయమున ఛాందోగ్యోపనిషత్తులోని జబాల మనకు గురువు. కుమారుడైన సత్యకాముడు విద్యకై బయలుదేరుచు తన గోత్రమేమని అడిగెను. ఆమె దాచలేదు, కల్పింపలేదు. తాను పలువురి ఇండ్ల పనిచేసి బ్రతికిన దాననియు, గోత్రమెరుగననియు ఉన్నదున్నట్లు చెప్పెను. కుమారుడు ఆ మాటనే గౌతముని యెదుట పలికెను. ఆ సత్యమే అతనికి విద్యార్హతయయ్యెను. తల్లి యిచ్చిన దారిబత్తెము ఆ నిజమొక్కటే.

మన ఇండ్లలో పత్తి అమ్మిన సొమ్ము ఎంత వచ్చెనో, అప్పెంత మిగిలెనో బిడ్డకు తెలియనీయము. కొందరు అంతయు దాచి, అడిగినదెల్ల పంపి, తుదకు భూమి తాకట్టు పెట్టుదురు. మరికొందరు ప్రతి ఫోనులోను అప్పు పేరెత్తి బిడ్డ గుండెపై బండ పెట్టుదురు. రెండును సరికావు. చేర్చుటకు మునుపే బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంటి రాబడి యింత, నెలకు పంపగలిగినది యింత అని ఒకమారు నిజము చెప్పవలెను. చెప్పిన పిమ్మట మాటిమాటికి ఎత్తిపొడువరాదు. ఇచ్చినది దానమో ఋణమో కాదు, ధర్మము. ధర్మమునకు వడ్డీ కట్టరాదు.

ఆ కథలో మరియొక విశేషము కలదు. గురువు సత్యకామునికి నాలుగు వందల బక్క ఆవుల నప్పగించెను. అవి వేయి అగువరకు తిరిగిరానని అతడు అడవికి పోయెను. ఏండ్లు గడచెను. బక్క ఆవులు ఒక్క దినమున బలియవు. బిడ్డ తొలి సంవత్సరమున వెనుకబడవచ్చును. కొత్త ఊరు, కొత్త భాష, ఇంటి బెంగ, ఇవన్నియు బక్క ఆవులే. కాలమిచ్చిన తల్లిదండ్రులకే మంద పెరుగుట చూచు భాగ్యము కలుగును.

బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఏమి అడుగవలెను? పురాణములలో ఇద్దరు తండ్రులు ఇంచుమించు ఒకే ప్రశ్న వేసిరి. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, గురువుల కడ ఏమి నేర్చితివని ముద్దుగా అడిగెను. కుమారుని సమాధానము తన మతమునకు సరిపడలేదు. మొదట గురువులపై అనుమానపడి బాలుని మరల వారికడకే పంపెను. రెండవ మారును అదే సమాధానము రాగా ఒడినుండి క్రిందికి త్రోసివేసెను. అతనికి కావలసినది బిడ్డ సమాధానము కాదు, తన మాటకు ప్రతిధ్వని.

ఉద్దాలకుడు రెండవ తండ్రి. ఆయన కుమారుడు శ్వేతకేతువు పండ్రెండేండ్ల వయస్సున గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవ యేట వేదములన్నియు చదివి, చదివితినను గర్వముతో మరలివచ్చెను. తండ్రి ఆ గర్వమును గమనించెను గాని పరిహసింపలేదు, దండింపలేదు. దేనిని తెలిసికొనినచో తెలియనిదంతయు తెలియునో అట్టిదానిని నీ గురువుల నడిగితివా యని మాత్రము ప్రశ్నించెను. ఆ ప్రశ్నతో కుమారుని గర్వము తనంత తానే కరగెను. అది యేమో మీరే చెప్పుడని ప్రార్థించెను. తండ్రి మర్రిపండు తెప్పించి గింజ చీల్పించెను. ఉప్పును నీటిలో కలిపించి రుచి చూపించెను. తొమ్మిది మారులు ఒకే సత్యమును ఓపికతో బోధించెను. ఎదిగిన కుమారునితో సరిసమానముగా కూర్చుండి సంభాషించిన తండ్రి అతడు.

మన ఇండ్లలో ఏమి నేర్చితివను ప్రశ్న క్రమముగా ఎన్ని వచ్చినవను ప్రశ్నగా మారిపోయినది. మార్కులడుగుట తప్పు కాదు. మార్కులే అడుగుట తప్పు. కూతురైనను కొడుకైనను, తాను వైద్యము కాక వ్యవసాయశాస్త్రము చదువుదుననినప్పుడు, ఇంజనీరింగు విడిచి తెలుగు పండితశిక్షణకు పోవుదుననినప్పుడు, మన ఒడి ఉద్దాలకుని ఒడియో హిరణ్యకశిపుని ఒడియో ఆ క్షణముననే తేలిపోవును. బిడ్డ నిర్ణయము తొందరపాటు కావచ్చును. అట్లయినచో ప్రశ్నింపుడు, కారణమడుగుడు, తెలిసినవారితో మాట్లాడింపుడు. ఒడినుండి మాత్రము త్రోయకుడు.

ఈ హెచ్చరికకు కారణము కలదు. 2019 ఏప్రిలులో మన రాష్ట్రమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తరువాత తప్పినవారి జవాబుపత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. కాగితముపైని అంకె మారెను. పోయిన ప్రాణములు మాత్రము మరలిరాలేదు. ఇంతకన్న చెప్పవలసినదేమున్నది?

భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణ కుచేలుల గురుకులవాసపు కథ కలదు. గురుపత్ని ఆజ్ఞపై ఇరువురును కట్టెలకై అడవికి పోయిరి. అకాలముగా గాలివాన విరుచుకుపడెను. ప్రొద్దు గ్రుంకెను. మిట్టపల్లములు తెలియక, చీకటిలో ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రియంతయు అడవిలో తిరుగాడిరి. వానకాలమున పెద్దవాగు పొంగినప్పుడు ఆవలి ఒడ్డున చిక్కుకొనిన మనవారికి ఆ రాత్రి యెట్టిదో వేరుగ వర్ణింపనక్కరలేదు. తెల్లవారగనే సాందీపని మహర్షి స్వయముగా అడవికి వెదకికొనుచు వచ్చెను. కట్టెలెక్కడనని ఆయన అడుగలేదు. మాకొరకు మీరింత కష్టపడితిరి గదా యని వాత్సల్యముతో పలికి ఆశీర్వదించెను. ఆయన వెదకినది కట్టెలను కాదు, బిడ్డలను.

పరీక్ష తప్పిన నాటి రాత్రి బిడ్డకు గాలివాన రాత్రియే. ఆ రాత్రి మార్కుల మాట ఎత్తకుడు. ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చకుడు. ముందుగా బిడ్డ ఎక్కడ ఉన్నాడో, అన్నము తిన్నాడో చూడుడు. వీలైనచో ఆ రాత్రికే బండి యెక్కి వసతిగృహమునకు పోవుడు. మాటలు తగ్గి, నిద్రాహారములు మాని, బ్రతుకు మీది ఆశ విడిచినట్లు బిడ్డ పలికినచో తేలికగా తీసికొనరాదు. ఒంటరిగా విడువరాదు. వైద్యుని సంప్రదింపవలెను. కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. మ్రొక్కుబడి చేసికొనుడు, వైద్యమును చేయింపుడు. రెంటికి విరోధము లేదు. ఔషధమును కూడ భగవంతుడే సృజించెను.

కడపటి మాట. మన బిడ్డ పరుల ఊరిలో నున్నప్పుడు, పరుల బిడ్డ మన ఊరిలో నుండును. పూర్వము పేద విద్యార్థులకు వారములిచ్చు ఆచారము తెలుగునాట ఉండెను. సోమవారమొక ఇంట, మంగళవారమొక ఇంట భుజించి చదువుకొని గొప్ప పండితులైనవారెందరో కలరు. ఆ అన్నము పెట్టిన తల్లుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. 1938లో వందేమాతరము పాడినందులకు నిజాం రాష్ట్రపు కళాశాలలనుండి వెడలింపబడిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. మన కరీంనగరు సీమకు చెందిన పి.వి. నరసింహారావు గారు ఆ విధముగనే నాగపూరులో చదువు సాగించి, 1991లో దేశప్రధాని యైరి. తలుపు తెరచిన పరులెవ్వరును ఆనాడు ఫలమెంచి తెరువలేదు.

నేడు ఆ ఋణము తీర్చు వంతు మనకు వచ్చినది. 2023లో ఆసిఫాబాదున ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమయ్యెను. ఏ యే జిల్లాలనుండియో బిడ్డలు ఈ ఊరికి వచ్చి చదువుచున్నారు. వారి తల్లిదండ్రులు మనవలెనే ఎక్కడనో ఫోను చేతబట్టుకొని ఎదురుచూచుచుందురు. గది అద్దెకిచ్చు గృహస్థుడు న్యాయమైన అద్దె తీసికొనవలెను. పండుగనాడు ఒంటరిగ నున్న విద్యార్థిని భోజనమునకు పిలువవలెను. జ్వరము వచ్చినదని తెలిసినచో గంజి కాచి పంపవలెను. పొరుగు ఊరిలో మన బిడ్డకు ఎవరో పెట్టు అన్నమునకు ఇదియే మనమిచ్చు బదులు. మాఘ పూర్ణిమనాడు గంగాపూరు బాలాజీకి ముడుపు కట్టు తల్లులు, తమ బిడ్డ పేరుతో పాటు ఒక పరాయి బిడ్డ పేరును కూడ తలచినచో స్వామి మిక్కిలి సంతసించును.

నిజము చెప్పి పంపుట, ఓపికతో కాచుకొనుట, బిడ్డ సమాధానమును వినుట, గాలివానలో కట్టెలను విడిచి బిడ్డను వెదకుట, పరుల బిడ్డను తన బిడ్డగా చూచుట, ఇవి యైదును విద్యార్థి గల ప్రతి గృహస్థు ఆచరింపవలసిన ధర్మములు. వీనికి ధనము కన్న మనస్సు ముఖ్యము.

శ్రీ జ్ఞానసరస్వతీ అమ్మవారు చదువుకొను బిడ్డలకెల్లరకు సద్బుద్ధిని, ధైర్యమును, వారి రాకకై ఎదురుచూచు తల్లిదండ్రులకు శాంతిని ప్రసాదించుగాక!