చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళడం పాపమా?



మారతహళ్ళిలో ఒక ఇంటిని ఊహించుకోండి. ఒంగోలు ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆదివారం ఆరాధన మానని వాళ్ళు. ఇరవై నాలుగేళ్ళ కుమారుడు నాలుగు రాత్రులుగా నిద్రపోలేదు. పక్కింటివాళ్ళు తన మాటలు చాటుగా వింటున్నారంటాడు. తల్లి పెట్టిన అన్నంలో విషం ఉందంటాడు. ఆస్పత్రి మాట ఎత్తితే, "నాకేం రోగం లేదు, మీకే ఉంది" అంటాడు. అయిదో రాత్రి పదకొండు గంటలకు మేడమీదికి పరుగెత్తాడు. తండ్రి, మేనమామ కలిసి పట్టుకున్నారు. వద్దంటున్నవాణ్ణి బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్ళవచ్చా? అది ప్రేమా, దౌర్జన్యమా?

ఈ ఇల్లు కల్పితమే. కాని ఇలాంటి రాత్రి గడిపిన ఇళ్ళు మన సంఘాలలో లేవని ఎవరూ అనలేరు. పరువు పోతుందని, పిల్లకు సంబంధాలు రావని, ప్రార్థన విన్నపాలలో కూడా చెప్పుకోలేక దాచుకుంటారు, అంతే.

దేవుడు మనిషికి సొంత చిత్తాన్ని ఇచ్చాడు. ఎవరినీ మెడపట్టి రక్షణలోకి లాగడు. కాబట్టి "వద్దు" అన్న మాటను గౌరవించాలని మన మనస్సాక్షి చెబుతుంది. కాని ఆ రాత్రి "వద్దు" అన్నది కుమారుడా, అతని రోగమా? జ్వరం ముదిరి సంధిలో పలవరించేవాడు మందు వద్దంటే మనం ఊరుకోము గదా.

అలాగని కుటుంబానికి అంతులేని అధికారం ఇవ్వవచ్చా? ఇవ్వకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకొని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టివేసి ఉన్నందున వారు పారిపోలేకపోయారు. వారిని అక్కడ వదిలిపెట్టి వెళ్ళింది చాలావరకు సొంత కుటుంబాలే. ఎవరినో వేలెత్తి చూపడం ఎందుకు? ప్రార్థన చేశాము, ఇక మాత్రలు మానెయ్యి అని చెప్పినవాళ్ళు మనలో లేరా? మత్తయి సువార్త నాల్గవ అధ్యాయంలో దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేరు వేరుగా పేర్కొన్నారు. ప్రతి రోగాన్నీ దయ్యమనడం వాక్యానుసారం కాదు.

ఈ రెండు భయాలనూ చూసే 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుండి అమలులో ఉంది. దాని 94వ సెక్షన్ ప్రకారం ప్రాణాపాయం గాని, తనకో ఇతరులకో తీవ్రమైన హాని గాని కలిగేటట్లున్నప్పుడు, రిజిస్టరైన ఏ డాక్టరైనా అత్యవసర చికిత్స చేయవచ్చు, ఆస్పత్రికి తరలించవచ్చు. రోగి తరఫున నియమితుడైన ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని సమ్మతి తీసుకోవాలి. మన రాష్ట్రాలలో ఈ అధికారం 72 గంటలకు మించదు. గొలుసులతో కట్టడం నిషేధం. శరీర రోగులకు ఎలాంటి అంబులెన్సు సేవ ఉందో మానసిక రోగులకూ అలాంటిదే ఉండాలని 21వ సెక్షన్ చెబుతోంది.

కాగితం మీద ఇది బాగానే ఉంది. మేడమీద కుమారుణ్ణి పట్టుకొని కూర్చున్న తండ్రి మాటేమిటి? గుండెపోటు అంటే అంబులెన్సు వస్తుంది. మనసు జబ్బు, ఎదురు తిరుగుతున్నాడు అంటే, పోలీసులను పిలవండి అనే మాట వినిపిస్తుంది. పోలీసులు ఇంటి గొడవ అంటారు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో 24 గంటల అత్యవసర విభాగం ఉంది. కాని మారతహళ్ళి నుండి అక్కడికి 10 కిలోమీటర్లకు పైనే. ఏ ఆటో ఎక్కించుకుంటుంది? కన్నడం రాని తల్లి ఎవరికి ఏమని చెప్పుకుంటుంది? చివరకు నలుగురు బంధువులు వచ్చి, చేతులు కట్టి, కారులో పడేసి తీసుకెళ్తారు. కోలుకున్న తర్వాత కూడా ఆ కుమారుడు ఆ రాత్రిని మరచిపోడు.

నేను చెప్పదలచినది ఇదే. సహాయం ఎంత ఆలస్యమైతే బలవంతం అంత పెరుగుతుంది. రెండవ రాత్రే తెలిసినవారు వచ్చి నెమ్మదిగా మాట్లాడి ఉంటే, అయిదవ రాత్రి తాళ్ళు అక్కరలేకపోయేవి. కాబట్టి మంచి అత్యవసర సేవలు కావాలని అడిగే కుటుంబాలు రోగి స్వేచ్ఛకు శత్రువులు కావు. ఆ స్వేచ్ఛను కాపాడేది వాళ్ళే. ఈ బెంగుళూరులోనే నిర్మలా శ్రీనివాసన్ గారు రోగుల కుటుంబాలను కూడగట్టి, వారి మాట ప్రభుత్వానికి వినిపించడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. అది సిగ్గుపడవలసిన పని కాదు.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. ద్వారం దగ్గర దారి లేకపోతే కప్పు విప్పి దించారు. ప్రభువు మోసినవారి విశ్వాసాన్ని కూడా చూశాడు. దారి లేదని వాళ్ళు ఇంటికి తిరిగిపోలేదు. మన పని కూడా అదే.

ప్రతి సంఘములో కన్నడం వచ్చినవారు, వాహనం ఉన్నవారు నలుగురు, ఏ రాత్రి పిలిచినా వెళ్ళడానికి సిద్ధపడాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416 ప్రతి ఇంట్లో రాసి ఉండాలి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. రోగి నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే, మళ్ళీ జబ్బు ముదిరితే తనను ఎలా చూడాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో అతనితోనే రాయించి పెట్టుకోవాలి. చట్టం దానికి వీలిచ్చింది. అప్పుడు ఆ రాత్రి మనం నెరవేర్చేది అతని మాటనే. ఇక మానసిక రోగుల కోసం శిక్షణ పొందినవారితో అంబులెన్సు కావాలని మన అసోసియేషన్ తరఫున ప్రభుత్వానికి వినతిపత్రం వెళ్ళాలి.

చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళడం పాపం కాదు. అపాయం దాటిన తర్వాత కూడా ఆ చెయ్యి వదలకుండా పెత్తనం చెయ్యడం పాపం. ఆ చెయ్యి పట్టుకోవడానికి తల్లిదండ్రులను ఒంటరిగా వదిలెయ్యడం సంఘముగా మన పాపం. కోలుకున్న కుమారుడు ఆదివారం మన పక్కన కూర్చున్నప్పుడు, అతని ముఖంలోకి చూసి, "ఆ రాత్రి నీతోనే ఉన్నాము నాయనా" అని చెప్పగలమా?