వృత్తి, ప్రవృత్తి, స్వధర్మం

మనిషి చేసే పనికి తెలుగులో రెండు జంట మాటలున్నాయి. అన్నం పెట్టేది వృత్తి, మనసు లాగేది ప్రవృత్తి. ‘వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, ప్రవృత్తిరీత్యా కవి’ అని సభలో పరిచయం చేస్తే ఎవరికీ వింతగా తోచదు. ఆ రెండూ వేరుగా ఉండటమే లోకరీతి అన్నట్టు కార్యక్రమం సాగిపోతుంది. ఆ రెండూ ఒకటైన పనికి భారతీయ తత్వం పెట్టిన పేరు స్వధర్మం. అయితే అది ఎవరికి ఏదో తేల్చేదెవరన్న దగ్గరే తగాదా మొదలవుతుంది.

భగవద్గీత ఈ మాటను మూడో అధ్యాయంలోనూ పద్దెనిమిదో అధ్యాయంలోనూ ఇంచుమించు ఒకే తీరున చెబుతుంది: పరాయి ధర్మాన్ని చక్కగా చేయడం కన్నా లోపాలున్నా సొంత ధర్మమే మేలు. పద్దెనిమిదో అధ్యాయం దీన్ని స్వభావంతో ముడిపెడుతుంది. స్వభావమంటే పుట్టిన వర్ణమా, లోపలి మొగ్గా? సంప్రదాయ వ్యాఖ్యాతలు ఎక్కువగా మొదటి అర్థం వైపు నిలిచారు. ఇరవయ్యో శతాబ్దంలో గీతపై వ్యాసాలు రాసిన అరవిందులు రెండో అర్థానికే బలం ఇచ్చారు.

మహాభారతంలోని ధర్మవ్యాధుడి కథ ఈ రెండు అర్థాల మధ్య నిలబడుతుంది. తెలుగులో ఇది ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగంలో ఉంది. తపస్సు గర్వం తలకెక్కిన కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్మే అంగడి ముందు నిలబడతాడు. వ్యాధుడు తాను చంపననీ, ఇతరులు చంపినదాన్ని అమ్ముతాననీ, ఇది తన కులానికి వచ్చిన పని అనీ చెబుతాడు. ఆ పనిని అతడు గొప్ప చేసి చెప్పడు, అందులో హింస లేదనీ అనడు. పూర్వకర్మ వల్ల వచ్చిందని ఒప్పుకుని, అందులోనే నిజాయితీగా బతుకుతూ తల్లిదండ్రులను సేవిస్తాడు. ఏ పనిలో ఉన్నా జ్ఞానానికి దారి ఉందనడం ఈ కథ బలం. ఆ పని వదిలి వెళ్లే దారి ఉందా అన్న ప్రశ్న మాత్రం కథలో తలెత్తదు.

ఆ ప్రశ్నకు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మంచి ఉదాహరణ. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరికీ, పక్కనున్న పెద్ద చెరువుకూ 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరే వచ్చింది. తెలంగాణలో ఇలాంటి చెరువుల కింద నీటి పంపకం నీరటికాడి చేతిలో ఉండేది. ఏ మడికి ఎంతసేపు పారించాలో, ఎవరి వంతు తర్వాత ఎవరిదో అతడి నోట్లోనే ఉండేది. తూముకు బిగించిన బిరడాను ఎంత ఎత్తితే ఆయకట్టు చివరి మడి దాకా నీరు పోతుందో చెయ్యే చెప్పేది. వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని కట్ట వెంట నడుస్తూ, ఎండ్రకాయ బొరియలోంచి నీరు ఊరుతోందేమో చూసేవాడు. ఊరిన నీరు తేటగా ఉంటే ఒక లెక్క, బురదగా ఉంటే కట్టలోని మట్టి కొట్టుకుపోతోందని, గండి పడబోతోందని లెక్క. మత్తడి దూకిందంటే ఊరంతా పండగ, అతడికి మాత్రం ఆ రాత్రంతా నిద్ర ఉండదు. కోతలయ్యాక కల్లంలో అతడి వాటా గింజలు అతడికి కొలిచేవారు.

నైపుణ్యం, బాధ్యత, ఊరికి పనికొచ్చామన్న తృప్తి, ఇవన్నీ ఉన్న పని అది. స్వధర్మానికి ఇంతకన్నా చక్కని బొమ్మ దొరకదనిపిస్తుంది. కానీ ఆ పని తండ్రి నుంచి కొడుకుకు దిగేది, ఎక్కువగా దళిత కుటుంబాలకే కట్టుబడి ఉండేది, దొరల కాలంలో వెట్టితో కలిసిపోయేది. నీరటికాడి కొడుక్కు లెక్కల మీద మనసుంటే అడిగేవాడు లేడు.

అంబేడ్కర్ 1936లో అచ్చు వేయించిన ‘కుల నిర్మూలన’ ఇక్కడే వేలు పెట్టింది. కులం శ్రమను విభజించడంతో ఆగదని, శ్రామికులనే విడదీస్తుందని, మనిషి సామర్థ్యాన్ని కాక తల్లిదండ్రుల హోదాను చూసి పని అంటగడుతుందని ఆయన వాదన. గాంధీ దానికి ‘హరిజన్’ పత్రికలో జవాబిస్తూ తాతముత్తాతల వృత్తితోనే బతుకుదెరువు చూసుకోవాలన్న వర్ణధర్మాన్ని సమర్థించారు. అన్ని వృత్తులూ సమానమేనన్న షరతు కూడా పెట్టారు. ఆ షరతు కల్లం దగ్గర ఎన్నడూ అమలు కాలేదు గనుక, ఈ వాదులో అంబేడ్కర్ వైపే తూకం ఎక్కువ. యూరపులోనూ ఇలాంటి కథే నడిచింది. దేవుడి పిలుపు మఠంలోని సన్యాసికే కాదు, చెప్పులు కుట్టేవాడికీ ఉందని మార్టిన్ లూథర్ పదహారో శతాబ్దంలో బోధించాడు. అదే బోధ ఉన్నచోటే ఉండమనడానికీ అక్కరకొచ్చింది.

నేడు ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు కమ్ముకున్నాయి. ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి 2018లో తెరిచిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. పుట్టుక స్థానంలోకి ర్యాంకు వచ్చింది. ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయినా, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల వరస మారలేదు. పై ర్యాంకు వాళ్లు కంప్యూటర్ సైన్స్ ఎంచుకుంటే, మిగిలిన బ్రాంచి కింది ర్యాంకు వాళ్ల ‘స్వభావం’ అవుతుంది. ఇది కులంకన్నా మేలైనదే, ఎందుకంటే దీన్ని దాటొచ్చు. కానీ పదిహేడేళ్ల పిల్లవాడికి తన మొగ్గు ముందే తెలిసి ఉంటుందన్న ఊహ మీద నడిచే పద్ధతి ఇది. తూము లోతు నీటిలో దిగాకే తెలిసినట్టు, స్వభావం కూడా పనిలో దిగాకే బయటపడుతుంది. దిగిన తర్వాత బయటికి రాగలగడం కూడా అంతే అవసరం.

కాలక్రమంలో నీరటి, మస్కూరి, కావలికారు వంటి గ్రామసేవకులు గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసి, వాళ్లను చదువును బట్టి వేర్వేరు శాఖల్లో సర్దింది. కొందరు జూనియర్ అసిస్టెంట్లయ్యారు. కొందరు నీటిపారుదల శాఖలో లస్కర్లుగా, నెల జీతానికి, మళ్లీ తూముల దగ్గరికే చేరారు.