చక్రం తిప్పేది ఎవరు?

ప్రకాశం బ్యారేజీ నుంచి కాల్వలకు నీళ్లు వదిలితే కృష్ణా డెల్టాలో దమ్ము మొదలవుతుంది. ఇనప చక్రాలతో బురదలో తిరిగే ట్రాక్టర్‌ను డ్రైవర్ ఒంటిచేత్తో మలుపుతాడు. పూర్తి హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న బండిలో ఆ చేతికీ ముందు చక్రాలకూ మధ్య కడ్డీ ఏదీ ఉండదు. గొట్టాల్లో నూనె ఉంటుంది, అంతే. మరి చక్రాన్ని తిప్పింది చెయ్యా, పంపా, పంపును నడిపిన ఇంజనా?

కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది, బుద్ధిని సారథి అంది, మనసును కళ్లెమంది. భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పింది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. అంతా తానే చేశాననుకునేవాడికి అసలు సంగతి తెలియదనీ అంది. ఈ మాట విని బాధ్యతంతా దైవం మీద వేసేవాళ్లున్నారు. కానీ ఆ వరసలో కరణం, అంటే సాధనం, విడిగా ఒక కారణం. దాన్ని ఎంచుకునేది మనిషే. అందుకే ధర్మపరీక్ష సీట్లో కూర్చున్నాక కాదు, ఆటోనగర్‌లో సామాను కొనేటప్పుడే మొదలవుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. ముందు చక్రాలను మలిపే, నూనె తోసే వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లున్న సిలిండర్‌కు 100 బార్ల ఒత్తిడి అందితే సుమారు 2 వేల కిలోల తోపు వస్తుంది. 30 ఉంటే 3 వేలు. బురదకు పెద్దదే మేలనిపిస్తుంది. అయితే 20 సెంటీమీటర్లు కదలడానికి చిన్నదానికి 400 సీసీల నూనె చాలు, పెద్దదానికి 600 కావాలి. చుట్టుకు 100 సీసీలు పంపే స్టీరింగ్ యూనిట్‌తో నాలుగు చుట్లు ఆరవుతాయి. కాల్వగట్టు మీద గేదె అడ్డొచ్చినప్పుడు ఆ రెండు చుట్లే ప్రాణాల మీదికి తెస్తాయి.

పోనీ, 200 సీసీల యూనిట్ వేస్తే? మూడు చుట్లతో సరిపోతుంది. కానీ సెకనుకో చుట్టు తిప్పితే పంపు నిమిషానికి 12 లీటర్లు ఇవ్వాలి, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా. ఇంజను ఆగిపోతే ఆ యూనిట్టే చేతిపంపుగా పనిచేయాలి. అప్పుడు చుట్టుకు రెండింతల నూనె నెట్టడం మామూలు చేతికి శక్తికి మించిన పని.

దమ్ము అయ్యాక అదే ట్రాక్టర్ రబ్బరు టైర్లతో, ట్రక్కు తగిలించుకుని రోడ్డెక్కుతుంది. ఫలం మీద ఆశ వద్దన్న గీత, మన ఎంపిక ఫలం ఎదురొచ్చే సైకిల్ మనిషి మీద పడితే పట్టించుకోవద్దని ఎక్కడా అనలేదు.

దసరాకు బండ్లన్నీ పసుపు కుంకుమలతో, నిమ్మకాయలతో పూజలందుకుంటాయి. అది మూఢత్వం కాదు, సాధనం పట్ల కృతజ్ఞత. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతం పొందాడని స్థలపురాణం. ఆ తపస్సు చేసినవాడే విల్లు చేతబట్టి ఏళ్ల తరబడి సాధన కూడా చేశాడు. ఒకటి చేశానని రెండోది మానలేదు.

కాబట్టి కొత్త స్టీరింగ్ బిగించాక ఖాళీ జాగాలో ఇంజను ఆపి చక్రం తిరుగుతుందేమో చూడాలి. గొట్టాల బిగింపుల దగ్గర నూనె చెమ్మ ఉందేమో వెతకాలి. రిలీఫ్ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో గేజి పెట్టి కొలవాలి. ఇవేవీ చూడకుండా బండి వదిలిన యజమాని, ప్రమాదం జరిగాక దాన్ని తలరాత అంటే, అయిదు కారణాల్లో నాలుగింటి లెక్క ఎగ్గొట్టినట్టే.