చెరువు ఎప్పుడు పుణ్యమవుతుంది?

ధర్మశాస్త్రం పుణ్యకార్యాలను ఇష్టమనీ పూర్తమనీ రెండుగా విభజించింది. యజ్ఞయాగాదులు ఇష్టం; బావి, చెరువు, తోట, గుడి, అన్నదానం పూర్తం. వైదిక యజ్ఞాలకు దూరంగా ఉంచిన శూద్రులకు కూడా పూర్తంలో అధికారం ఉందని స్మృతులు ఒప్పుకున్నాయి. తెలుగు నేల మీద ఈ భావనే సప్తసంతానాలుగా స్థిరపడింది: కొడుకు, కావ్యం, నిధి, అగ్రహారం, గుడి, తోట, చెరువు. ఈ ఏడింటిలో చివరి నాలుగూ నేల రూపాన్ని మార్చే పనులే. ఊరి నీటినీ నీడనూ తీర్చిదిద్దే విద్యకు ఇక్కడ ఎంతో కాలం అండగా నిలిచింది పుణ్యకాంక్షే. అయితే ఆ పుణ్యం ఎప్పుడు సిద్ధిస్తుంది? కట్ట పోసిన రోజునా, నీరు నిండిన రోజునా, లేక ఆ నీరు అందరికీ అందిన రోజునా?

శాస్త్రకారులు దీనికి సూటిగానే జవాబు చెప్పారు. చెరువు తవ్విస్తే సరిపోదు, దానికి ఉత్సర్గం జరగాలి. తవ్వించినవాడు ఆ నీటిపై తన స్వామ్యాన్ని సకల ప్రాణుల కోసం వదులుకునే క్రియ ఇది. ఇందులో ఒక ఆవును నీటిలోకి దింపి అవతలి ఒడ్డుకు దాటిస్తారు. యజమాని దాని తోక పట్టుకుని వెంట నడుస్తాడు. దానానికీ ఉత్సర్గానికీ తేడా ఏమిటో ధర్మశాస్త్ర సంకలనాలు కూర్చిన నిబంధకారులు జాగ్రత్తగా చర్చించారు. దానంలో పుచ్చుకునేవాడు ఒకడుంటాడు. ఉత్సర్గంలో అలాంటివాడు ఉండడు, ఇచ్చేది అందరికీ. మరి తవ్వించినవాడు ఆ చెరువులో స్నానం చేయవచ్చా? చేయవచ్చు, అయితే యజమానిగా కాదు, ఆ అందరిలో ఒకడిగా. సార్వజనిక స్థలం గురించి ఇంత స్పష్టమైన ఆలోచన ఈ సంప్రదాయంలో ఉండటం గమనించదగ్గది. ఎవరినో రానివ్వని చెరువు ఈ తర్కం ప్రకారం ఇంకా వదులుకోని ఆస్తి. దాని ఉత్సర్గం జరగలేదనే చెప్పాలి.

ఇక చెరువు నిలిచి ఉండటం కూడా ధర్మంలో భాగమేనని కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చూపుతుంది. 1369 నాటి ఈ శాసనం విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువు గురించి చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి ఏరు, కొండల నడుమ రాతికట్ట, దగ్గర్లో రాతిగని, దిగువన సారవంతమైన పల్లపు పొలాలు, పని తెలిసిన కూలీలు అంగాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ మెరక దోషాలు. తడపాల్సిన నేల ఎక్కువై నీరు తక్కువ కావడం దోషమే, నీరు ఎక్కువై నేల తక్కువ కావడమూ దోషమే. నీటికీ నేలకూ కుదరాల్సిన పొందిక గురించి ఇంతకంటే సూక్ష్మంగా చెప్పడం కష్టం. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని సాగిందని కూడా శాసనం చెబుతుంది. అయితే ఆ పన్నెండు అంగాల్లో ఒడ్డుకు ఎవరు రావచ్చన్నది లేదు. నీరు ఎలా నిలవాలో అంత వివరంగా ఆలోచించిన చోట, దాహంతో వచ్చే మనిషికి స్థానం దొరకలేదు.

ఆ ఖాళీని కులం నింపింది. ఊరి చెరువుకు ఒక్కో కులానికి ఒక్కో రేవు ఏర్పడింది. దళితులకు చాలాచోట్ల ఏ రేవూ లేకపోయింది. మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం 1924లో తీర్మానించినా అమలు కాలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. పశువులు తాగుతున్న నీటిని మనుషులు తాగినందుకు దాడులు జరిగాయి, చెరువుకు శుద్ధి చేశారు. అనాదిగా వస్తున్న ఆచారమన్న వాదన నిరూపణ కాలేదని బొంబాయి హైకోర్టు 1937లో తేల్చింది. సకల ప్రాణుల కోసమని సంకల్పం చెప్పే సంప్రదాయంలో ఆవుకున్న దారి మనిషికి లేకపోవడం కంటే పెద్ద దోషం ఏముంటుంది? తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో బావులను, చెరువులను, స్నానఘట్టాలను పేరుపెట్టి చేర్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: సకల ప్రాణులు అన్నది కర్మకాండలోని మాటే, దానికి నేటి సమానత్వ భావాన్ని అంటగట్టడం తగదని. ఆ మాట చెప్పినవారు కులభేదాన్ని పాటించినవారేనన్నది నిజం. కానీ ఒక సూత్రం విలువ దాన్ని పలికినవారి ఆచరణతో తేలదు. ఒడ్డున ఎవరినో ఆపదలచినవాడు ముందుగా సంకల్పాన్నే మార్చుకోవాల్సి ఉంటుంది. అందుకే ఆ మాటను అక్షరాలా పట్టుకోవడమే న్యాయం.

అలా పట్టుకుంటే ప్రశ్న కులంతో ఆగదు. నిటారు మెట్లున్న కోనేరు చక్రాల కుర్చీలో వచ్చేవారికీ, మోకాళ్లు అరిగిన ముసలమ్మకూ, చూపులేనివారికీ మూసిన తలుపే. దీనికి పరిష్కారం కొలతల్లో ఉంది. చక్రాల కుర్చీ సాగడానికి అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. మూడు మీటర్లు దిగాలంటే 36 మీటర్లు, మధ్యమధ్య ఆగడానికి చదును అదనం. కోనేటి నాలుగు గోడల వెంట మలుపులు తిప్పితే ఈ దారి ఇమిడిపోతుంది. నీటిమట్టం వేసవిలో తగ్గుతుంది కాబట్టి వాలు వానాకాలపు గట్టు దగ్గరే ఆగిపోకూడదు. పశువుల రేవుకు వాలు ఉండాలని పల్లెకు ఎప్పటి నుంచో తెలుసు. మనిషి విషయంలోనే ఆ ఎరుక ఆలస్యంగా, 1995, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాల రూపంలో వచ్చింది.

నగరాల్లో చెరువుల సుందరీకరణ ఈ చర్చను మరింత జటిలం చేస్తుంది. కంచె వేసి, ఒడ్డుకు సిమెంటు కట్టి, నడకదారి పరిస్తే చెత్త వేయడం తగ్గవచ్చు. కానీ వల వేసేవాళ్లూ, బట్టలు ఉతికేవాళ్లూ, గేదెలు తోలుకొచ్చేవాళ్లూ బయటే ఉండిపోతారు. నిటారు సిమెంటు గోడ కప్పకూ కొంగకూ కూడా ఒడ్డు లేకుండా చేస్తుంది. మనుషులను వెలివేసే అంచే ప్రాణులనూ వెలివేస్తుంది. పర్యావరణమూ సమానత్వమూ ఇక్కడ ఎదురుబొదురు పక్షాలు కావు.

పాత కట్టడాల విషయంలో మరో సందేహం ఉంది: ప్రాచీనమైన మెట్లను తాకడం అపచారం కాదా? శిథిలమైన దాన్ని బాగుచేయడం కొత్తది కట్టించడానికి తీసిపోని పుణ్యమని సంప్రదాయం జీర్ణోద్ధరణను కీర్తించింది. పూడిక తీయడం, తూము మార్చడం, కొట్టుకుపోయిన అలుగును మళ్లీ కట్టడం చెరువు స్వరూపానికి భంగమని ఏ కాలంలోనూ ఎవరూ అనుకోలేదు. శిల్పం చెక్కిన రాయిని అలాగే కాపాడుతూ, ఒక పక్క వాలు, చేతికి అందే కమ్మీ, కాలికి తెలిసే గరుకు రాతి వరస చేర్చడం కూడా ఆ పనుల కోవలోకే వస్తుంది.